మాల్స్ వద్దు బాబోయ్: ఏడేళ్ల పిల్లాడు, డెబ్బై ఏళ్ల నాయన - హైదరాబాద్ చుట్టూ ఆదివారం ఎక్కడికి తీసుకెళ్లాలి?

కందనవోలు_శీను | నవంబర్ 23, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇక్కడ చాన్నాళ్లుగా చదువుతున్నా గానీ రాయడం ఇదే మొదలు. మియాపూర్‌లో ఉంటాం. అమ్మ పోయాక ఊళ్లో ఒక్కడే ఉండలేక నాయన జూన్‌లో మా దగ్గరికి వచ్చేశాడు. పాత కర్నూలు జిల్లాలో రోళ్లపాడు పక్కన పల్లె మాది. యాభై ఏళ్లు సేద్యం చేసిన మనిషి ఇప్పుడు నాలుగో అంతస్తు బాల్కనీలో కుర్చీ వేసుకుని పార్కింగ్‌లో కార్లు లెక్కపెడుతున్నాడు. మాటవరసకు అనడం లేదు, నిజంగానే లెక్క. నిన్న రాత్రి అన్నం తింటూ "తెల్లవి ముప్పై ఒకటిరా" అన్నాడు.

మా చిన్నోడికి ఏడేళ్లు. ఆదివారం వచ్చిందంటే మాల్, గేమ్ జోన్, ఫుడ్ కోర్టు. పోయిన వారం నాయన్ని కూడా పట్టుకెళ్లాం. ఎస్కలేటర్ ముందు పది నిమిషాలు నిలబడి "మీరు పోయి రాండి, నేనీడే ఉంటా" అన్నాడు. ఆ మాట మనసులో గుచ్చుకుంది.

చెట్టూ పుట్టా ఉన్న చోటు కావాలి. కారు లేదు, స్కూటీ ఉంది, మెట్రో దగ్గరే. నాయన మోకాళ్లతో రెండు కిలోమీటర్లకు మించి నడవలేడు. చిన్నోడు పది నిమిషాలకు మించి నిలబడలేడు. సలహాలు చెప్పండి.

చెక్‌పోస్ట్_వాకర్ | నవంబర్ 23, రాత్రి 10:15

కేబీఆర్ పార్క్. ఇంకో ఆలోచనే వద్దు. మియాపూర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారి జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్‌లో దిగండి. అక్కడి నుంచి గేటు దాకా ఆటో. పదమూడేళ్లుగా రోజూ పొద్దున నడుస్తున్నా. నగరం నడిబొడ్డున దాదాపు 390 ఎకరాల జాతీయ ఉద్యానం ఎక్కడుంటుంది చెప్పండి! 1998లో నేషనల్ పార్కు చేశారు. అంతకుముందు నిజాం కుటుంబం ఆస్తి. చివరి నిజాం మనవడు ముకర్రం జా నివాసంగా ఉండిన చిరాన్ ప్యాలెస్ ఇప్పటికీ లోపలే ఉంది.

ఆరున్నరకల్లా లోపల ఉండాలి. నెమళ్లు దారి మీదికే వస్తాయి. ఎనిమిది దాటితే నెమళ్లు లోపలికి పోతాయి, మా లాంటి పొట్టలవాళ్లు బయటికొస్తారు.

జెముడుకాకి | నవంబర్ 23, రాత్రి 11:02

వాకర్ గారూ, కోపం తెచ్చుకోవద్దు. కేబీఆర్ మంచి అడవే, కానీ ఆదివారం పొద్దున అక్కడ చెట్ల కంటే షేర్ మార్కెట్ కబుర్లు ఎక్కువ. ఆ పెద్దాయన ఇంకో రకం మాల్‌కి వెళ్లినట్టే ఉంటుంది.

శీను గారూ, మీరు మియాపూర్‌లో ఉండి అడుగుతున్నారంటే నవ్వొచ్చింది. మీకు కూతవేటు దూరంలో అమీన్‌పూర్ చెరువు ఉంది. స్కూటీ మీద పదిహేను ఇరవై నిమిషాలు. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. దేశంలో ఒక నగరపు నీటివనరుకి ఆ గుర్తింపు రావడం అదే మొదటిసారి. కుతుబ్‌షాహీల నాటి చెరువంటారు. మరీ పెద్దదేం కాదు, తొంభై ఎకరాల పైచిలుకు. ఇప్పుడు వలస పక్షుల కాలం కూడా. టికెట్ లేదు, క్యూ లేదు, ఎస్కలేటర్ అసలే లేదు.

చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచిపోయాయి, చెత్త ఉంటుంది, ఒక్కోసారి నురగ కంపు కొడుతుంది. ముందే చెబుతున్నా. అయినా నేను ప్రతి వారం వెళ్తా.

వనస్థలి_రమ | నవంబర్ 24, ఉదయం 7:20

అన్నా, మీ మెట్రో లైన్‌కి అటు చివర మేమున్నాం! మియాపూర్‌లో ఎక్కి ఎల్బీనగర్‌లో దిగండి, ఎక్కడా మారక్కర్లేదు. అక్కడ ఆటో మాట్లాడుకుని "విజయవాడ హైవే, జింకల పార్కు" అంటే చాలు. పేరు మహావీర్ హరిణ వనస్థలి. మహావీరుడి 2500వ నిర్వాణ సంవత్సరం గుర్తుగా 1975లో ఆ పేరు పెట్టారు. మా వనస్థలిపురానికి పేరు కూడా దాన్నుంచే. 3,700 ఎకరాల పైనే. ఒకప్పుడు నిజాం నవాబుల వేట అడవి. లోపల వ్యాన్‌లో తిప్పుతారు కాబట్టి మోకాళ్ల గోల లేదు.

ఇక్కడ మగవాళ్లెవరూ చెప్పని ముక్క ఒకటి నేను చెప్తా. ఎక్కడికి వెళ్లినా ముందు బాత్‌రూమ్ ఎక్కడుందో కనుక్కోండి. డెబ్బై ఏళ్ల ఆయన, ఏడేళ్ల బాబు, మీ ఆవిడ. చెరువు గట్టు మీద ఆ సౌకర్యం ఉండదు. జింకల పార్కులోనూ కేబీఆర్‌లోనూ గేటు దగ్గరే పని కానిచ్చుకుని లోపలికి వెళ్లండి.

జెముడుకాకి | నవంబర్ 24, ఉదయం 8:05

రమక్క చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నేను చెరువు దగ్గర టీ తాగడం మానేసిందే అందుకు.

బండరాళ్ల_బాబాయ్ | నవంబర్ 24, మధ్యాహ్నం 3:30

అందరూ చెట్లూ పిట్టలూ అంటున్నారు. హైదరాబాద్‌కి వచ్చి రాయిని చూడకపోతే ఎలా నాయనా?

ఖాజాగూడ గుట్టలు మీకు మరీ దూరం కాదు. పైకెక్కనక్కర్లేదు, కింద నిలబడి చూసినా చాలు. ఆ గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. డైనోసార్లు దాని ముందు నిన్న మొన్నటి పిల్లకాయలు. చాలామంది ఆ బండల్ని ఎవరో పేర్చారనో, భూకంపం వచ్చి దొర్లాయనో అనుకుంటారు. అదేం కాదు. భూమి లోపల చల్లారి గట్టిపడ్డ రాయిలో నిలువుగా, అడ్డంగా పగుళ్లు పడ్డాయి, కేకు కోసినట్టు. ఆ పగుళ్లలోకి నీరు దిగి లక్షల ఏళ్ల పాటు మూలలన్నీ తినేసింది. సబ్బుబిళ్ల వాడగా వాడగా గుండ్రమవుతుంది చూడండి, అలాగే. మెత్తబడ్డదంతా వానకి కొట్టుకుపోయి గట్టి గుండ్లు ఒకదాని మీద ఒకటి మిగిలాయి. కొన్ని బండల మీద ఉల్లిపొరలా పెచ్చు లేచి ఉంటుంది. మీ చిన్నోడికి చూపించండి, పది నిమిషాలు కాదు గంట నిలబడతాడు.

మా కాలంలో బంజారాహిల్స్ నిండా ఇవే. పగలగొట్టి పునాదుల్లో వేసేశాం. 1996లో కొందరు కలిసి వీటిని కాపాడటానికి ఒక సంఘమే పెట్టుకున్నారు, సొసైటీ టు సేవ్ రాక్స్ అని. వాళ్ల పుణ్యమా అని కొన్నయినా మిగిలాయి.

తాండూర్_పోరడు | నవంబర్ 24, రాత్రి 9:12

అన్నా, నేను వారం వారం ఊరికి పోతా కాబట్టి మా రూటు సంగతి చెప్తా. అప్పా జంక్షన్ దాటినంక బీజాపూర్ రోడ్డు మీద చేవెళ్ల వైపు మర్రిచెట్లు ఉంటయ్. ఒకటీ రెండూ కాదు, వందల సంఖ్యల. రెండు పక్కల నుంచి కొమ్మలు కలిసిపోయి ఎండాకాలంల కూడా బస్సులకు చల్లగాలి వస్తది. రోడ్డు వెడల్పు చేస్తమంటే వాటి కోసం ఏండ్ల తరబడి కొట్లాట నడిచింది. పార్కూ కాదు ఏమీ కాదు, ఉత్త రోడ్డే. అయినా మీ నాయనకు చూపియ్యాలె.

అట్లనే ముందుకు పోతే వికారాబాద్, అనంతగిరి. మూసీ పుట్టేది ఆడనే. సిటీల మూసీని చూసి ముక్కు మూసుకునేటోళ్లు ఒక్కసారి అనంతగిరి గుట్టలు చూడాలె, ఆడ పుట్టిన నీళ్లేనా ఇవి అనుకుంటరు. గుడి దగ్గర కోతులు మాత్రం మస్తు డేంజర్. చేతుల కవర్ కనిపిస్తే ఖతం.

వారాంతం_ట్రిప్స్ | నవంబర్ 24, రాత్రి 10:48

[ఈ పోస్టు తొలగించబడింది]

నిర్వాహకుడు | నవంబర్ 24, రాత్రి 10:55

"క్యాంప్‌ఫైర్, డీజే, అడవిలో రాత్రి బస, ఒక్కరికి ఇంత" అనే ప్రకటనలు ఇక్కడ వేయొద్దు. అడవిలో డీజే ఏమిటండీ అసలు.

చెక్‌పోస్ట్_వాకర్ | నవంబర్ 25, ఉదయం 9:30

పొట్టలు, షేర్ మార్కెట్ అని ఎగతాళి చేశారు, సరే. అమీన్‌పూర్‌లో ఉన్న పిట్టలకంటే మా పార్కులో ఉన్నవి తక్కువేం కాదు. పైగా కంచె ఉంది కాబట్టి బతికింది. కంచె లేని చెరువు గతి ఏమిటో జెముడుకాకి గారే నురగ అని చెప్పారు.

జెముడుకాకి | నవంబర్ 25, ఉదయం 10:10

ఆ మాట ఒప్పుకుంటా. కాకపోతే కంచె ఒక్కటే కాపాడదు. 2025 ఏప్రిల్‌లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కన కంచ గచ్చిబౌలిలో చెట్లున్న 400 ఎకరాల దగ్గర బుల్డోజర్లు ఆగింది సుప్రీంకోర్టు ఆపమంటే. అంతకుముందు విద్యార్థులు గొడవ చేయకపోతే కోర్టు దాకా పోయేదే కాదు. రోజూ అక్కడ తిరిగి, ఏ మూల ఏ పిట్ట ఉంటుందో తెలిసినవాళ్లు కొందరు ఉండబట్టే అది వార్త అయింది.

ఇంతకీ శీను గారు ఎటు తేల్చుకున్నారు?

కందనవోలు_శీను | నవంబర్ 30, సాయంత్రం 6:25

జింకల పార్కుకి వెళ్లొచ్చాం. రమక్కా, బాత్‌రూమ్ సలహాకి మా ఆవిడ ప్రత్యేకంగా థాంక్స్ చెప్పమంది.

మెట్రో గంట పైనే పట్టింది, నాయన కిటికీ దగ్గర నుంచి కదల్లేదు. మూసారాంబాగ్ దాటాక "ఇంకా ఊరు అయిపోలేదా" అని అడిగాడు. గేటు దగ్గర వ్యాన్ కోసం చాలాసేపు కూచోబెట్టారు. తగినంత మంది వస్తేగానీ కదలదట. చిన్నోడు ఆ లోపే చిప్స్ అని ఏడుపు మొదలెట్టాడు. ఈ ఆదివారం కూడా పోయిందిరా అనుకున్నా.

వ్యాన్ బయల్దేరాక మొదట చుక్కల జింకలు కనిపించాయి. అందరూ ఫోన్లు తీశారు. నాయన ఊరకే ఉన్నాడు. ఇంకాస్త ముందుకెళ్లాక గడ్డిలో నల్లగా ఒకటి నిలబడి ఉంది. మెలికల కొమ్ములు, కళ్ల చుట్టూ తెల్లటి వలయం, పొట్ట తెల్లగా వీపు నల్లగా. వ్యాన్‌లో ఎవరో "గోట్ గోట్" అన్నారు. నాయన సీట్లోంచి లేచి నిలబడ్డాడు. "ఇర్రిరా! ఇర్రి!" అని గట్టిగా అరిచాడు. డ్రైవర్ బ్రేక్ వేశాడు.

తర్వాత వ్యాన్ మొత్తానికి క్లాసు పీకాడు. కృష్ణజింకల్లో నల్లది మగది, దాన్నే ఇర్రి అంటారు, లేత రంగువి ఆడవి, లేళ్లు. పుట్టగానే నల్లగా ఉండదు, వయసు వచ్చే కొద్దీ నలుపెక్కుతుంది. అదిగో ఆ పెంటికల కుప్ప చూడండి, రోజూ వచ్చి అక్కడే వేస్తుంది, "ఈ జాగా నాది" అని చెప్పడానికి. ఏడేళ్లుగా నా కొడుకు నా మాట అంత శ్రద్ధగా వినింది లేదు. మా చిన్నోడు ఇంటికొచ్చి బాత్‌రూమ్‌కి వెళ్తూ "ఈ జాగా నాది" అన్నాడు. వాళ్లమ్మ నన్ను తిట్టింది.

ఇంకో సంగతి. తిరిగొచ్చేటప్పుడు మెట్రోలో నాయన నెమ్మదిగా చెప్పాడు. మా ఊరి పక్కన 1988లో బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం రోళ్లపాడు అభయారణ్యం పెట్టారు. చిన్నప్పుడు ఆ పిట్టని నాయన పొలంలోనే చూసేవాడట, గొర్రెపిల్లంత ఉండేదట. గడ్డిని కాపాడితే ఇర్రులు పెరిగాయి, పిట్ట మాత్రం కనబడకుండా పోయింది. ఇర్రులు రాత్రిళ్లు మా శనగ చేలో పడేవి. డబ్బాలు కొడుతూ మంచె మీద తెల్లార్లూ కాపలా కాసిన రోజులున్నాయి. "ఎంత తిట్టుకున్నానో వాటిని! ఇప్పుడు టికెట్ కొని చూస్తిమి" అని నవ్వాడు.

వనస్థలి_రమ | నవంబర్ 30, రాత్రి 8:00

చదివి కళ్లలో నీళ్లు తిరిగాయన్నా. ఇరవై రెండేళ్లుగా ఆ గేటు ముందు నుంచే ఆఫీసుకి వెళ్తున్నా, ఇర్రి అనే మాట ఈ రోజే విన్నా.

నేపర్‌విల్_నాని | డిసెంబర్ 1, ఉదయం 10:20

చికాగో శివార్లలో ఉంటాను, ఈ చర్చ చూసి ఊరు గుర్తొచ్చింది. ఇక్కడ ఫారెస్ట్ ప్రిజర్వులు అని ఉంటాయి. ఒక్క కుక్ కౌంటీలోనే దాదాపు 70,000 ఎకరాలు, మొత్తం కౌంటీలో పదో వంతు కంటే ఎక్కువ. 1914లో ఒక సంస్థ పెట్టి, నగరం పెరగకముందే భూమి కొని పక్కన పెట్టేశారు. ఇంటి నుంచి పది నిమిషాలు వెళ్తే జింకలు. మా అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఆరోరాలో గుడి, ఆ తర్వాత ప్రిజర్వు, ఇదే మా ఆదివారం. మన దగ్గర కూడా అలా ముందుచూపు ఉండుంటే అనిపిస్తుంది.

బండరాళ్ల_బాబాయ్ | డిసెంబర్ 1, మధ్యాహ్నం 12:45

నానీ, మన దగ్గర ముందుచూపు లేదని ఎందుకనుకుంటావ్? 1908 సెప్టెంబర్‌లో మూసీ పొంగి నగరం సగం కొట్టుకుపోయింది. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో చింతచెట్టు ఒకటి ఉంది, ఆ రోజు దాదాపు 150 మంది దాని కొమ్మలెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించి ఉపాయం అడిగారు. 1920లో ఉస్మాన్‌సాగర్, అంటే మన గండిపేట, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. ఆ రెండు చెరువుల చుట్టూ పది కిలోమీటర్ల లోపు భారీ కట్టడాలు, కాలుష్యం చేసే పరిశ్రమలు రావొద్దని 1996లో 111 జీవో ఇచ్చారు. 84 గ్రామాలు. పడమటి వైపు ఇంకా నాలుగు పొలాలు, నాలుగు చెట్లు కనిపిస్తున్నాయంటే దాని చలవే. 2022లో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ ఇంకో జీవో వచ్చింది. ముందుచూపు ఉండింది, దాన్ని నిలబెట్టుకునే ఓపికే తక్కువైంది.

తాండూర్_పోరడు | డిసెంబర్ 1, మధ్యాహ్నం 1:30

బాబాయ్, ఆ 84 ఊళ్ల రైతులను కూడా ఒక్కసారి అడగాలె. మా మేనమామది అట్ల ఒక ఊరే. రోడ్డుకు అవతల ఎకరం కోట్లు పలుకుతుంటే ఇవతల కూరగాయలు పండించుకుంటు కూసున్నడు. చెరువును కాపాడింది సర్కారొక్కటే అనుకుంటరు గాని, నష్టపోయిన ఆయన జేబు కూడా కాపాడింది.

బండరాళ్ల_బాబాయ్ | డిసెంబర్ 1, మధ్యాహ్నం 2:05

నిజమే. ఆ ముక్క నేను ఎప్పుడూ మర్చిపోతాను.

చెక్‌పోస్ట్_వాకర్ | డిసెంబర్ 2, ఉదయం 8:40

గండిపేట మాట వచ్చింది కాబట్టి: చిలుకూరు బాలాజీ గుడికి వెళ్లేవాళ్లు పక్కనే ఉన్న మృగవని నేషనల్ పార్కుని పట్టించుకోరు. 1994లో వచ్చింది. చిన్నదే, మూడున్నర చదరపు కిలోమీటర్ల పైచిలుకు. వీసా వచ్చిందని 108 ప్రదక్షిణలు చేసేవాళ్లకి అడవిలో ఒక్క ప్రదక్షిణ చేసే తీరిక ఉండదు.

కందనవోలు_శీను | డిసెంబర్ 14, రాత్రి 8:50

రెండు వారాలు రెండు చోట్ల తిరిగాం.

పోయిన ఆదివారం ఫ్రెండు కారులో అనంతగిరి. పోరడు తమ్ముడు చెప్పినట్టే మర్రిచెట్ల దగ్గర ఆపాం. నాయన ఒక ఊడని పట్టుకుని లాగి చూశాడు, ఎద్దుల పగ్గం గట్టిదనం చూసినట్టు. అక్కడ హాయిగా ఉన్నాం. అనంతగిరిలో మాత్రం సర్వనాశనం. కార్లు, హారన్లు, వ్యూ పాయింట్ దగ్గర సెల్ఫీల క్యూ. మా చిన్నోడి చేతిలో బిస్కెట్ ప్యాకెట్ కోతి లాక్కుంది, వాడు జడుసుకుని రెండు రాత్రులు కలవరించాడు. తప్పు నాదే, కవర్ బయట పెట్టొద్దని తమ్ముడు ముందే చెప్పాడు. పక్కనే ఒకాయన కారు దిగకుండా కోతులకు అరటిపండ్లు విసురుతున్నాడు. నాయన వెళ్లి "అయ్యా, మీరు పెట్టి పోతారు, రేపు పెట్టకపోతే అవి పక్క పొలం మీద పడతాయి" అన్నాడు. ఆయన అద్దం పైకెత్తేశాడు.

ఈ రోజు అమీన్‌పూర్. అసలు ఆశ లేకుండా వెళ్లా. జెముడుకాకి గారూ, మీరు చెప్పిన కంపు ఉంది, చెత్త ఉంది, గట్టు మీద సీసా పెంకులు ఉన్నాయి. చిన్నోడి చెప్పు ఒకటి బురదలో కూరుకుపోయి రాలేదు. తుమ్మచెట్టు కింద కూచున్నాం. నాయనకి ఫ్లాస్కులో టీ. పిట్టలు చాలానే ఉన్నాయి గానీ నీళ్ల మధ్యలో చుక్కల్లా ఉన్నాయి, ఏదేమిటో తెలీలేదు. ఒడ్డుకి దగ్గరలో ఒక లకుముకి పిట్ట మాత్రం గాల్లో ఒకే చోట నిలబడి రెక్కలు కొట్టి, రాయి వేసినట్టు నీళ్లలో పడి, చేపతో లేచింది. చిన్నోడు "మళ్లీ చెయ్" అని దానికి ఆర్డర్ వేశాడు. అది మళ్లీ చేసింది. పదకొండుసార్లు లెక్కపెట్టాడు. ఆరుసార్లు చేప దొరికింది, ఐదుసార్లు లేదు.

ఇంటికొచ్చాక ముగ్గురి ప్యాంట్లకీ ఉత్తరేణి గింజలు. నాయన, మనవడు గుమ్మం దగ్గర కూచుని గంటసేపు పీకారు.

జెముడుకాకి | డిసెంబర్ 14, రాత్రి 9:30

నలుపూ తెలుపూ ఉండి గాల్లో నిలబడిందంటే చారల లకుముకి. నీలం రంగుది ఉంటుందే, అది ఎక్కువగా కొమ్మ మీదే కూచుని చూస్తుంది, గాల్లో నిలబడటం అరుదు. ఆరు-ఐదు మంచి స్కోరు, నా బ్యాటింగ్ కంటే నయం.

ఒక్క మాట. పార్కులన్నీ చుట్టేయాలని పెట్టుకోకండి. నేనూ మొదట్లో అలాగే చేశా. మంజీరలో మొసళ్లు, పోచారం, నర్సాపూర్ అడవి, వారానికొకటి. అన్నీ చూశాను, ఏదీ తెలీలేదు. నాలుగేళ్ల కింద బండి చెడిపోయి, గత్యంతరం లేక ఇంటి దగ్గర చెరువుకే ఏడాదంతా వెళ్లా. మార్చిలో బాతులు వెళ్లిపోతాయి. మేలో నీరు తగ్గి బీటలు పడితే ఆ బీటల పక్కనే తీతువులు గుడ్లు పెడతాయి. జూలైలో గిజిగాడు గూడు మొదలుపెడుతుంది. ఇవి ఒక్కసారి వెళ్తే కనపడవు. వచ్చే ఆదివారం కూడా అదే తుమ్మచెట్టు కిందికి వెళ్లి చూడండి.

వెళ్లేటప్పుడు ప్యాంటు సాక్సులో దోపుకోండి. గొర్రెలు మేసే చోట పిడుదులు ఉంటాయి.

చెక్‌పోస్ట్_వాకర్ | డిసెంబర్ 15, ఉదయం 7:15

నేను పదమూడేళ్లుగా చేస్తున్నది అదే కదా అమ్మా.

జెముడుకాకి | డిసెంబర్ 15, ఉదయం 7:40

అయ్యో. అవును సార్. పొట్టల మాట వెనక్కి తీసుకుంటున్నా. షేర్ మార్కెట్ మాట తీసుకోను.

కందనవోలు_శీను | జనవరి 18, రాత్రి 7:45

ఆలస్యమైంది, పండక్కి ఊరెళ్లొచ్చాం. మధ్యలో నాలుగుసార్లు అమీన్‌పూరే. నాయనకిప్పుడు అక్కడ దోస్తులు కూడా, చేపలు పట్టే ఇద్దరు. ఈ రోజు జరిగింది చెప్పాలి.

మా తుమ్మచెట్టు కొమ్మకి ఒక కొంగ తలకిందులుగా వేలాడుతోంది. బూడిద గోధుమ రంగు, ఎగిరితే తెల్లరెక్కలు కనిపిస్తాయే, ఆ చిన్న కొంగ. పండగ పతంగుల మాంజా. చైనా మాంజా అంటారే, ఆ నైలాన్ దారం. 2017లోనే గ్రీన్ ట్రిబ్యునల్ దేశమంతా నిషేధించింది, అయినా మా వీధి చివర షాపులో దొరుకుతోంది. రెక్కకి, కాలికి చుట్టుకుపోయింది, కొట్టుకునే కొద్దీ బిగుసుకుంటోంది. చిన్నోడు ఏడుపు.

నేను ఎవరికి ఫోన్ చేయాలా అని వెతుకుతున్నా. ఈ లోపు నాయన భుజం మీది తువ్వాలు తీశాడు. చేపలాయన కొమ్మ వంచాడు. నాయన తువ్వాలుని ముందు దాని తల మీద కప్పాడు. "చీకటైతే ఊరకుంటాది, కోడి కూడా అంతే" అన్నాడు. నిజంగానే కొట్టుకోవడం ఆపేసింది. ముక్కు తనవైపు కాకుండా అవతలికి తిప్పి పట్టుకున్నాడు, కంట్లో పొడుస్తుందని. చేపలాయన దగ్గర వల కోసే బ్లేడు ఉంది. దారాన్ని లాగలేదు, ఒక్కో పోగు కోస్తూ వచ్చారు. రెక్క కింద కోసుకుపోయి కొంచెం రక్తం. కింద పెట్టి తువ్వాలు తీస్తే కాసేపు అలాగే నిలబడి, నడుచుకుంటూ తుంగలోకి పోయింది. ఎగరలేదు. బతుకుతుందో లేదో తెలీదు.

మిగిలిన మాంజా మొత్తం నాయన కర్రకి చుట్టి ఇంటికి తెచ్చాడు. ఇప్పుడు బాల్కనీలో కూచుని కత్తెరతో అంగుళం ముక్కలు చేస్తున్నాడు, చెత్తలో వేసినా దేనికీ చుట్టుకోకుండా. కార్లు లెక్కపెట్టడం మానేసి నెలైంది.

వనస్థలి_రమ | జనవరి 18, రాత్రి 8:10

మీ నాయన చేతులకి దండం పెట్టానని చెప్పండన్నా.

జెముడుకాకి | జనవరి 18, రాత్రి 8:22

అది గుడ్డికొంగ. తుంగలోకి నడిచి పోయిందంటే కాళ్లు బాగున్నట్టే, మంచి గుర్తు. ఇంకోసారి ఇలా జరిగితే, రెక్క తెగినట్టో విరిగినట్టో అనిపించి ఎగరలేకపోతే నీళ్లు తాగించకండి, అట్టపెట్టెలో చీకట్లో పెట్టి అటవీ శాఖ వాళ్లకి గానీ పక్షుల వైద్యుడికి గానీ అప్పగించండి. మీ నాయన పట్టుకుని దారం కోసిన పద్ధతి మాత్రం సరైనదే.

కందనవోలు_శీను | జనవరి 18, రాత్రి 8:40

నీళ్లు తాగిద్దామని నేనే బాటిల్ తీశా, నాయన వద్దన్నాడు. ఆయనకి ఎలా తెలుసో!

ఒక చిన్న సాయం. నీళ్ల మధ్యలో ఉన్న పిట్టలు నాయన కళ్లకి ఆనడం లేదు. "ఆ గుంపులో ఒకటి మా చెరువులో దిగే బాతు మాదిరే ఉంది, ముక్కు చివర పసుపు ఉందేమో చూడు" అని నన్ను అడుగుతున్నాడు, నాకూ కనపడటం లేదు. తక్కువలో బైనాక్యులర్స్ ఏవి కొనాలి?

బండరాళ్ల_బాబాయ్ | జనవరి 18, రాత్రి 9:05

కొనకు నాయనా. నా దగ్గర పాతది ఉంది, ఇప్పుడు నా చేతులు వణికి అందులో ఏదీ నిలవడం లేదు. ఎడమ వైపు స్క్రూ వదులు, చూస్తుంటే తిరిగిపోతుంది. రబ్బరు బ్యాండు రెండు చుట్లు వేస్తే నిలబడుతుంది. ఆదివారం ఏ తుమ్మచెట్టో చెప్పండి, ఏడింటికల్లా తెచ్చిస్తాను. టీ ఫ్లాస్కులో నాకూ ఒక గ్లాసు ఉంచండి, చక్కెర లేకుండా.